మోతర్ చీటీ

నేను ఒక టేకు పెట్టెను. విజయనగరంలో భాషాశాస్త్రం చెప్పే లెంక జోగినాయుడు మాస్టారు తన చీటీలు దాచుకోవడానికి నన్ను చేయించుకున్నారు. ఒక్కో చీటీ మీద ఒక్కో ఆల్బేనియన్ మాట, దాని కింద దాని పుట్టుపూర్వోత్తరాలు. ఎన్నడూ చూడని దేశపు మాటలకు చుట్టాలను వెతుకుతూ ఆయన ఇరవై రెండేళ్లు గడిపారు. పామును వాళ్లు పిలిచే ‘గ్యార్పర్’ మన సర్పానికి తోబుట్టువని తెలిసిన రోజున అన్నం తినడం మరిచిపోయారు.

పాత శుభలేఖలను ఆ చీటీల కొలతకు కత్తిరించి ఇచ్చేది ఆయన అక్క నరసాయమ్మ. తల్లి పురిట్లోనే పోతే, పదమూడేళ్ల వయసులో తమ్ముణ్ణి చంకనెత్తుకుంది. దించేసరికి పెళ్లీడు దాటిపోయింది. మాటల పుట్టుక ఆరా తీసే మాస్టారికి ఆ సంగతి ఎప్పుడూ ఆరా తీయదగ్గదిగా తోచలేదు. మనుషులింతే.

ఒక మధ్యాహ్నం ఆమె కత్తెర పక్కన పెట్టింది.

“ఒరే తమ్ముడూ, ఆ దేశంలో అక్కనేటంతార్రా?”

“మోతర్ అంటారక్కా. మన ‘మాతృ’ శబ్దమూ అదీ ఒక్క వేరు నుంచే వచ్చాయి. మొదట్లో అమ్మ అనే అర్థం. అక్కడ మాత్రం అక్కాచెల్లెళ్లకు పేరైపోయింది. ఎందుకలా అయిందో పెద్దపెద్ద పండితులే తేల్చలేకపోయారు.”

“తేల్చడానికేటుందిరా? తల్లి సచ్చిపోయుంటాది. పెద్దపిల్ల సాకుంటాది.”

ఆయన నవ్వేశారు. “అలాగంటే ఎవరొప్పుకుంటారక్కా? రుజువుండాలి.”

“అలాగా,” అని ఆమె మళ్లీ కత్తెర అందుకుంది. మోతర్ చీటీ మీద కారణం రాయాల్సిన చోటు ఖాళీగా వదిలేసి, మాస్టారు దాన్ని నాలో పెట్టేశారు.

ఆ వానాకాలమే జ్వరమొచ్చి నరసాయమ్మ పోయింది. దినకర్మలయ్యి చుట్టాలు వెళ్లిపోయాక మాస్టారు ఆ చీటీ తీశారు. ఖాళీగా వదిలేసిన చోట రాశారు: ‘తల్లి పోగా పెద్దకూతురు పెంచి ఉండవచ్చు. ఆధారం: లెంక నరసాయమ్మ, మౌఖికం.’

పుస్తకం అచ్చుకు వెళ్లింది. సంపాదకుడు ఆ వాక్యాలు కొట్టేసి, అంచున ‘ప్రమాణం చాలదు’ అని రాసి ప్రూఫులు పంపాడు. మాస్టారు వాదించలేదు. ఆ మాట లేకపోతే పుస్తకమే వద్దని జవాబు రాసి, కాగితాలన్నీ వెనక్కి తెప్పించుకున్నారు. ఇరవై రెండేళ్ల శ్రమ నాలోనే ఉండిపోయింది.

ఆయనా పోయి ఏడేళ్లయింది. నేనిప్పుడు ఒక కాలేజీ లైబ్రరీ మెట్ల కింద ఉన్నాను. మొన్న ఒక పరిశోధక విద్యార్థిని దుమ్ము దులిపి చీటీలు తిరగేసింది. ఒక చీటీ దగ్గర ఆగి లైబ్రేరియన్ని అడిగింది.

“సార్, ఈ నరసాయమ్మగారు ఏ యూనివర్సిటీలో పనిచేసేవారండీ?”

“ఏమోనమ్మా, ఎప్పుడూ వినలేదు.”

ఆ అమ్మాయి నోటుబుక్కులో ఆ పేరు పొందికగా రాసుకుంది. ముందు ‘డాక్టర్’ అని చేర్చింది.