జవాడి కోసం బయల్దేరిన రాయి

పొద్దున ఏడింటికి నంద్యాలలో పల్లెవెలుగు బస్సెక్కడం, ఎనిమిదిన్నరకు ఆళ్లగడ్డలో దిగడం, సాయంత్రం మళ్లీ అదే బస్సులో వెనక్కి రావడం. ఎనిమిది నెలలుగా జవాడి బతుకు ఇదే. టాంజానియాలోని మ్వాంజా నుంచి శిల్పం నేర్చుకోవడానికి సముద్రం దాటి వచ్చిన ఈ పిల్ల సగం చదువు బస్సులోనే చదివింది. తెలుగు కూడా బస్సులోనే నేర్చింది కాబట్టి, కొత్తవాళ్లెవరైనా పలకరిస్తే ముందు "జరుగప్పా, జరుగు" అనేది.

ఆళ్లగడ్డలో ఆదిశేషయ్య శిల్పశాలకు ఓ పద్ధతుంది. అక్కడ శిష్యులు రాయిని ఎంచుకోరు. రాయే శిష్యుణ్ణి ఎంచుకుని, ఉన్నచోటి నుంచి మెల్లగా నడిచొస్తుంది. ఆ చుట్టుపక్కల రాళ్లు నడవడం మేకలు మేయడమంత మామూలు సంగతి. తోటి శిష్యుడు సురేష్ రాయి వారంలో వచ్చింది. సిరి రాయి నెలరోజులు తిప్పలు పెట్టి, ఆమె కునుకు తీస్తుంటే వచ్చి కాలికి తగిలింది. వచ్చే రాయిని పిలవకూడదు, బండికెక్కించకూడదు, ఎదురెళ్లి ముట్టుకోకూడదు. కాచుకుని ఉండాలి, అంతే.

జవాడి కాచుకుంది. ఉలులకు పదును పెట్టింది, రాతిపొట్టు ఊడ్చింది, పుస్తకాల నిండా ముఖాలు గీసింది. ఏ రాయీ ఆమె దగ్గరికి రాలేదు. వీసా గడువు ఇక పదకొండు రోజులే ఉంది. రాయి వచ్చినవాళ్లకైతే ఇంకో ఏడాది చదువు కావాలని గురువు లెటరు రాసిస్తాడు. రానివాళ్లకు రాయడు. ఆదిశేషయ్య చచ్చినా అబద్ధం ఆడడు. ఆయనతో వచ్చిన చిక్కు అదొక్కటే.

మ్వాంజా నిండా రాళ్లే. సరస్సు ఒడ్డున ఇళ్లంత గుండ్లు ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉంటాయి. వాటిలో ఏముందో చూపిస్తానని ఊరందరికీ చెప్పి వచ్చింది జవాడి. ఇప్పుడు ఒట్టి చేతులతో పోయి వాళ్లకేం చెప్పాలో తెలియక వారం నుంచి సరిగ్గా తిండి తినడం లేదు.

మిగతా శిష్యులు శిల్పశాలలోనే పడుకుంటారు. జవాడి వీసా కాయితాల్లో మాత్రం నంద్యాలలో ఉన్న గురువుగారి అక్క మహానందమ్మ ఇంటి చిరునామా పడింది, మార్చడానికి వీల్లేదన్నారు. గురువుకు చెప్పి సెలవు తీసుకుందామని ఆమె బయల్దేరిన పొద్దున మహానందమ్మ గ్లాసెడు రాగి అంబలి చేతిలో పెట్టింది.

"తాగి పో పాపా. కాలీ కడుపుతో ఏడుస్తా బస్సెక్కగాకు, తిప్పుతాది."

తాగింది. బస్సెక్కింది. ఏడుపు మాత్రం ఆగలేదు. కండక్టర్ సంజీవయ్య టికెట్టు కొట్టబోయి ఆగాడు.

"ఏందమ్మా, కండ్లట్లుండాయి?"

"మా ఊరికి పోతాండా అన్నా. నాకు రాయి రాలా."

"రాకపోవడమేంది? శిరివెళ్ల దాటినాక రోడ్డు పక్కన రోజూ సూస్తాండాం గదా! అది నీది గాదా?"

"యా రాయి?"

"నల్లది, నడుమెత్తు ఉంటాది," అన్నాడు డ్రైవర్ దావీదు వెనక్కి తిరక్కుండానే. "దానికి తగలకుండా బస్సు పక్కకు తీసి తీసి నా చేతులు పడిపోతాండాయి."

జవాడి ఆ దారిలో ఎప్పుడూ తలవంచుకుని బొమ్మలు గీసుకునేది. కిటికీలోంచి ఒక్కరోజైనా చూసి ఉంటే కదా!

"మరి నా దగ్గరికెందుకు రాలేదన్నా?"

"యాడొస్తాదమ్మా? పొద్దున నువ్వు ఆళ్లగడ్డ దిక్కు పోతావు, అదీ ఇట్ల తిరుగుతాది. సాయంత్రం నంద్యాల దిక్కు పోతావు, మళ్ల అట్ల తిరుగుతాది. ఒక్కతావున కూచుంటివా నువ్వు?" అన్నాడు సంజీవయ్య.

శిరివెళ్ల దాటాక, రాయికి నూరు గజాల ఇవతల చింతచెట్టు కింద బస్సు ఆపారు. ముందు సీట్లోని ముసలామె మజ్జిగ బాటిల్ ఆమె చేతిలో పెట్టి "కదలొద్దు తల్లీ" అంది. బస్సు వెళ్లిపోయింది.

జవాడి కూర్చుంది. చూస్తుంటే రాయి కదలడం లేదు. రెప్ప వేసి తీస్తే ఒక గడ్డిపోచ ఇవతలికి వచ్చి ఉంది. మళ్లీ రెప్ప వేసింది, మళ్లీ వచ్చింది. దాని వెనక ఆళ్లగడ్డ దిక్కుగా, కంటికి ఆనినంత దూరం, నేల మీద చాలు పడి ఉంది. వెళ్లి వెనక్కి, మళ్లీ వెళ్లి వెనక్కి తిరగడంతో ఆ చాలు ఇంటి గడపలా నున్నగా అరిగింది. ఎనిమిది నెలల ఎండా వానా ఆ చాల్లోనే ఉన్నాయి. జవాడి ఆ చాలు పొడుగునా చూసింది. తనకోసం లోకంలో ఎవరూ ఇంత దూరం నడవలేదు.

మధ్యాహ్నం బస్సు తిరిగొచ్చి ఆగింది. "యాడికొచ్చింది?" అని అరిచాడు సంజీవయ్య.

"తుమ్మచెట్టు దాటిందన్నా!"

"ఇంగేం, పొద్దు గూకేలోపల వస్తాది," అని విజిల్ వేశాడు.

బస్సువాళ్ల కబురందుకుని, పొద్దు వాలేవేళకు ఆదిశేషయ్య సురేష్ బైకు మీద వచ్చాడు. రాయిని చూశాడు. దాని వెనక చాలును చూశాడు. చెప్పులు విడిచాడు.

"శిల్పశాలలో మూలనుండే రాయి కనపడకపోతే ఎవురో లారీలో ఎత్తుకపోయినారనుకుంటి," అన్నాడు. "నాకు వచ్చిన రాయి రెండు బారలు నడిచింది తల్లీ. యాభై ఏండ్లుగా దాన్నే గొప్పగా చెప్పుకుంటాండా."

అప్పుడే రాయి జవాడి పాదానికి తగిలింది. పసిబిడ్డ ఒంటిలా వెచ్చగా ఉంది. ఆమె ఏడుస్తూ రెండు చేతులూ దాని మీద వేసి, అట్లాగే ఉండిపోయింది.

ఆదిశేషయ్య సురేష్‌ను కాగితం అడిగి, బైకు సీటు మీద పెట్టుకుని లెటరు రాశాడు. తర్వాత సంచిలోంచి తన ఉలి, సుత్తి తీశాడు. ఏ రాయికైనా తొలిదెబ్బ గురువుదే. జవాడి లేచి పక్కకు తప్పుకుంది.

ఆయన కొట్టలేదు. ఉలినీ సుత్తినీ ఆమె చేతుల్లో పెట్టాడు.

"అయ్యా, తొలిదెబ్బ మీది గదా?"

"నా కోసం రాలేదు గదమ్మా ఇది," అన్నాడు ఆదిశేషయ్య. "కొట్టు. నేను నేర్చుకుంటా."