గేటు దగ్గరి పిలుపు

క్లోవిస్ ట్రంపెట్ ఊదితే మిసిసిపీలో పోయే ఓడలు ముక్కు తిప్పుకుని మా పేటవైపు వచ్చేవి. న్యూ ఆర్లీన్స్‌లో ఎవరినైనా అడగండి.

అలాంటి క్లోవిస్ ఆ సోమవారం అద్దం ముందు నోరు తెరిచి, ముందుపన్నును నాలుకతో నెట్టి చూసుకున్నాడు. కదిలింది. పెదవి మీద ట్రంపెట్ ఒత్తుకుని కాయకట్టిన గుండ్రటి మచ్చకు వెనక ఊతం ఆ పన్నే. అది ఊడితే పైస్వరాలు పలకవు.

"చిక్కుళ్ళు నమలకుండా మింగుతున్నావేం? ఎవరన్నా తరుముతున్నారా?" అంది భార్య ఎర్మా.

"ఆకలేస్తోందే."

"ఆకలేసినోడు అద్దం ముందు పళ్ళు లెక్కపెట్టుకోడు."

ఆ రోజు బ్యాండు వాయిస్తూ శ్మశానానికి సాగనంపాల్సింది చనిపోయిన ఫెలీస్‌ను. మా పేట జాజ్ బ్యాండులో క్లోవిస్ పక్కనే క్లారినెట్ వాయించినవాడు. శ్మశానం దాకా ఏడుపు పాటలే, కింది స్వరాలే. వాటిని ఎలాగో లాగించవచ్చు. భయమంతా తిరిగొచ్చేటప్పుడు శ్మశానం గేటు దగ్గర. మోత అణచడానికి డ్రమ్ముకు కట్టిన రుమాలు అక్కడ తీసేస్తారు. ట్రంపెట్ పైస్థాయిలో ఒక్క పిలుపు పిలవాలి. అప్పుడే ఏడుపు ఆగి ఆట మొదలవుతుంది. పిలుపు వినబడేదాకా ఎవరూ అడుగు వేయరు. పోయినవాడూ అక్కడే నిలబడి ఉంటాడని మావాళ్ళ నమ్మకం.

"ఏంట్రా, చెమటలు కక్కుతున్నావు? శవపెట్టె మోసింది నువ్వా?" అన్నాడు డ్రమ్ములు కొట్టే హోమర్, గేటు దగ్గర రుమాలు విప్పుతూ. "ఫెలీస్‌ని ఎక్కువసేపు నిలబెట్టకు, పక్క సారాకొట్లో దూరతాడు."

హోమర్ డ్రమ్ము దడదడలాడించాడు. క్లోవిస్ ట్రంపెట్ ఎత్తాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ ఊదాడు. పన్ను పుటుక్కుమంది. నోటినిండా నెత్తురు రుచి. ఆడటానికి జనం ఎత్తిన గొడుగులు ఎత్తినట్టే ఆగిపోయాయి. కొన్నాళ్ళుగా అతన్ని నిద్రపోనివ్వని నిశ్శబ్దం అదే.

అప్పుడు ఫెలీస్ భార్య ముసుగు పైకి తోసి, ఆ పిలుపును బొంగురు గొంతుతో తనే పాడింది.

"నిలబడ్డారేంట్రా! నా మొగుణ్ణి పోనివ్వండి!"

బ్యాండు భగ్గుమంది. జనం ఆడుతూ క్లోవిస్‌ను దాటి వెళ్ళిపోయారు. అతను మళ్ళీ ఊదలేదు. ఆ చలికాలంలో, మధ్యాహ్నం కునుకులోనే పోయాడు. అతని కోసం గేటు దగ్గర పిలుపు ఎర్మా పాడింది.

ఓడల సంగతంటారా, నది మా పేట దగ్గర వంపు తిరుగుతుంది. ఎవరు ఊదినా ఊదకపోయినా ఓడలు తిరగాల్సిందే. ఫెలీస్‌ను సాగనంపిన రోజు క్లోవిస్ ట్రంపెట్‌కు ఊదే మూతి ఊడబీకి గేటు స్తంభం మీద పెట్టి వెళ్ళాడు. అందులో పన్ను కూడా ఉందని అందరితో చెబుతుంటాను గానీ, పన్ను మాత్రం నా కల్పన. ఆ ఇత్తడి మూతి ఇంకా అక్కడే ఉంది, చిలుము పట్టి, వీధివైపు తిరిగి.