వదిన తీయించుకున్న పేపరు

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఇంట్లో నా పెత్తనం అంతంత మాత్రమే గానీ, ఆఫీసులో మాత్రం వదిన జాతకం నా చేతిలో ఉండేది. ఆమె పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త. నేను అదే సంస్థలో, కింది అంతస్తులో, ప్రచురణల విభాగంలో పనిచేస్తాను. ఎవరు ఏ పేపరు రాశారు, దాన్ని ఎంతమంది తమ పేపర్లలో ప్రస్తావించారు, ఆ లెక్కన ఎవరి స్కోరెంత అన్నది తేల్చడం మా పని. ఆ పేపర్లలో ఏముందో చదవాల్సిన అవసరం మాకు లేదు. మాకే కాదు, పైవాళ్ళకీ లేదు.

లెక్కల నెల వచ్చిందంటే మా గది ముందు సంతే. మిగతా ఏడాదంతా మా మొహం చూడని ప్రొఫెసర్లు వరసలు కలిపి మరీ పలకరిస్తారు. ఏదో సదస్సులో గోడకి అంటించిన పోస్టరు కూడా పేపరే అని వాదిస్తారు. తన పేపర్లలో తన పేపర్లనే ప్రస్తావించుకుని, చూశావా ఎంత పేరొచ్చిందో అన్న మహానుభావుడు కూడా ఉన్నాడు. కలపమని అడిగేవాళ్ళే గానీ, తీసెయ్యమన్నవాళ్ళు నా సర్వీసులో తగల్లేదు.

ఆ ఏడు ఆహార విభాగానికి కొత్త అధిపతిని వెయ్యాల్సి వచ్చింది. స్కోరు ఒక గీత దాటినవాళ్ళకే ఆ కుర్చీ. దాటినవాళ్ళు ఇద్దరే. ఒకరు మా వదిన. రెండోవారు అందరూ మీసాలాయన అని పిలుచుకునే ప్రొఫెసరు. వదిన స్కోరే ఎక్కువ. కుర్చీ వస్తే సొంత పరిశోధనశాల, సొంత జట్టు, కావలసిన పరికరం అడక్కుండా కొనుక్కునే వీలు. ఇన్నేళ్ళూ ఇంకొకరి ఫ్రిజ్‌లో ఒక అర అడుక్కుని పనిచేసిన మనిషికి అదెంత పెద్ద సంగతో నాకు తెలుసు. మా అన్నయ్యకైతే ఆగలేదు. ఆలూ లేదు చూలూ లేదు, వీధి వీధంతా చెప్పేసి వచ్చాడు.

వదిన స్కోరులో సగం ఒక్క పేపరుదే. ఎంత చల్లదనంలో పాలు ఎన్నాళ్ళు నిలుస్తాయో చెప్పే పట్టిక అందులో ఉంది. దేశదేశాల వాళ్ళు ఆ పట్టికని ఎత్తి వాడుకున్నారు. అయితే ఈ మధ్య వేరే ఫ్రిజ్‌లో పెట్టి అదే పరీక్ష మళ్ళీ చేస్తే అంకెలు కుదరలేదు. వదినకి అనుమానం వచ్చి, పాత ఫ్రిజ్ లోపల విడిగా థర్మామీటరు పెట్టి చూసింది. తలుపు మీద చూపించే అంకె కంటే లోపల వెచ్చగా ఉంది. అంటే పట్టిక మొత్తం తప్పు. ఎవరూ అడక్కుండానే పత్రికకి రాసి పేపర్ని వెనక్కి తీసేసుకుంది.

పత్రికవాళ్ళు దానిమీద ఎర్రగా ముద్ర వేశారు. మా సాఫ్ట్‌వేర్‌కి ఆ ముద్ర కనపడదు. దానికి వచ్చింది కూడిక ఒక్కటే. వదిన స్కోరు చెక్కు చెదరకుండా అలాగే ఉంది. తీసెయ్యమని నిబంధనల్లో ఎక్కడా లేదు. లేనప్పుడు నేనెందుకు తీస్తాను? నోరు మూసుకుని కూర్చున్నాను.

మర్నాడు వదినే మా కిటికీ దగ్గరికి వచ్చింది. మా చుట్టరికం అందరికీ తెలిసినా, ఆఫీసులో ఆమె నన్ను ఎరగనట్టే ఉంటుంది.

"ఏమండీ, నా లెక్కలో వెనక్కి తీసుకున్న పేపరు ఒకటి ఇంకా ఉంది. తీసెయ్యండి."

నేను చుట్టూ చూసి గొంతు తగ్గించాను. "వదినా, అది తీస్తే గీత దాటవు."

"మీరు తీసేదాకా ఇక్కడే నిలబడతానండీ," అంది.

వెనక వరస పెరుగుతోంది. తీశాను. ఆమె స్కోరు గీత కిందికి జారింది. నా ఒళ్ళు మండిపోయింది. ఆ కోపమంతా ఇంటికి మోసుకెళ్ళి భోజనాల బల్ల దగ్గర దించాను. తెలివితేటలు ఉండగానే సరిపోదని, కాస్త లౌక్యం కూడా ఉండాలని, చేతికొచ్చిన ముద్ద ఎవరూ నేలపాలు చేసుకోరని నా నోటికొచ్చినట్టు అన్నాను. అన్నయ్య ఎవరి పక్షమూ కాకుండా కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు. వదిన అన్నీ విని, బాధగానే ఉందని ఒప్పుకుంది. ఆ కుర్చీ తను ఎంత కావాలనుకుందో నాకు తెలియదంది. తర్వాత లేచి గిన్నెలు సర్దింది.

మర్నాడు అభ్యర్థులిద్దర్నీ కూర్చోబెట్టి జరిపిన కమిటీ సమావేశంలో తెరమీద అంకెలు చూపించే పని నాది. వదిన స్కోరు చూసి డైరెక్టరుగారు కళ్ళజోడు సవరించుకున్నారు. పోయినవారం ఇంత తక్కువ లేదే అన్నారు. వదిన జరిగింది చెప్పింది. ఆయన చెడ్డవాడు కాదు, కాకపోతే అంకె కనపడితే గానీ ఆయనకి మనిషి కనపడడు.

"యంత్రమే లెక్కలో ఉంచిందిగా. మీకెందుకమ్మా అంత పట్టుదల?" అన్నారు.

"యంత్రానికి ఫ్రిజ్ సంగతి తెలీదు సార్. నాకు తెలుసు."

ఆయన మళ్ళీ తెరవైపు తిరిగారు. నాకు మాత్రం నిన్న రాత్రి కోపం ఎటు పోయిందో తెలియదు. ఈమె మా వదిన అని లేచి అరవాలనిపించింది. అంత గర్వం నాకు నా గురించి కూడా ఎప్పుడూ కలగలేదు. కానీ గర్వానికి కుర్చీలు రావు. కుర్చీ మీసాలాయనకి ఖాయమైంది. ఉత్తర్వు రెండ్రోజుల్లో ఇస్తామన్నారు.

మర్నాడు పొద్దున్నే ఆయన మా కిటికీ ముందు ప్రత్యక్షమయ్యారు. గొప్ప చెప్పుకోడానికి వచ్చాడనుకుని మొహం ముడుచుకున్నాను.

"మీ వదినగారి పట్టిక మీద నేను రెండు పేపర్లు కట్టాను. పునాదే తప్పయ్యాక పైకప్పు ఎలా నిలుస్తుంది? రాత్రి పత్రికలకి రాసేశాను. ఆ రెండూ తీసెయ్యండి," అన్నారు.

"తీస్తే మీరు కూడా గీత దాటరు సార్."

"తెలుసు. మీ వదిన నా కొంప ముంచింది." ఆయన నవ్వారు గానీ, ఆ నవ్వు మీసాల దాకా రాలేదు. "నిన్న ఆవిడ పక్కనే కూర్చున్నానమ్మా. ఇంకేం చెయ్యమంటావు?"

ఆయన్ని తిట్టుకుందామని రాత్రంతా మాటలు పోగేసుకున్నదాన్ని. అవన్నీ దండగైపోయాయి. లోపలికి పిలిచి నా కుర్చీ ఇచ్చి, నిలబడే ఆ రెండు పేపర్లూ తీశాను.

డైరెక్టరుగారు మండిపడ్డారు. ఎక్కడైనా కలుపుకోడానికి కొట్టుకుంటారు గానీ, తీయించుకోడానికి పోటీపడే విడ్డూరం ఇక్కడే చూస్తున్నానన్నారు. తర్వాత నిబంధనల పుస్తకం తెప్పించారు. గీత దాటినవాళ్ళు ఎవరూ లేనప్పుడు, కమిటీ అభ్యర్థుల పరిశోధనని స్వయంగా చదివి నిర్ణయించాలని అందులో చివరెక్కడో ఉంది. ఆ వాక్యంతో మాకెవరికీ ఎప్పుడూ పని పడలేదు. చదవడమా అని కమిటీలో ఒకాయన పైకే అనేశారు. తప్పదు. ఇద్దరి పేపర్లూ ముద్రించి కమిటీలో తలా ఒక కట్ట నేనే పంచాను.

కొన్నాళ్ళకి వాళ్ళు వదినని పిలిచారు. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. పాత ఫ్రిజ్ మీద అనుమానం ముందుగా ఎక్కడ మొదలైందని డైరెక్టరుగారు అడిగారు. వదిన చెప్పడం మొదలుపెట్టింది. ఆయన మధ్యలో ఆపి మళ్ళీ అడిగారు, పక్కాయన ఇంకోటి అడిగారు. ఇంట్లో ముక్తసరిగా మాట్లాడే మనిషి, అడిగినకొద్దీ లేచి బోర్డు మీద గీసి మరీ చెప్పింది. ఇన్నేళ్ళూ నీ స్కోరెంత అని అడిగినవాళ్ళే గానీ, నువ్వేం కనిపెట్టావని ఆమెని అడిగినవాళ్ళు లేరు. నాతో సహా. బయటికి వచ్చినప్పుడు ఆమె చేతులనిండా సుద్దపొడి. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"కుర్చీ రాకపోయినా ఫరవాలేదే," అంది నాతో. ఆఫీసులో నన్ను అంత చనువుగా పిలవడం అదే మొదటిసారి.

వారం తిరక్కుండా ఉత్తర్వు నమోదుకోసం నా బల్ల మీదికి వచ్చింది. అధిపతి పేరుకి ఎదురుగా వదిన పేరుంది. స్కోరు రాయాల్సిన గడిలో అంకె లేదు. అక్కడ డైరెక్టరుగారు తన చేత్తో ఒకటే మాట రాశారు: చదివాం.