రెండో చరణంలో జారిన దరువు

“నా కొడుకు తాగిండని అన్నోడెవడు? పేరు చెప్పుండ్రి!”

కురుమమ్మ అరుపుకి రిహార్సల్ గదిలో ఉన్న ఇద్దరూ లేచి నిలబడ్డారు. ఆమె స్లాబ్ పని మధ్యలో వదిలేసి వచ్చింది. చీర కొంగుకి ఇంకా తడి సిమెంటు అంటుకునే ఉంది. మెట్ల మీద వెంటపడి వచ్చిన యూట్యూబ్ చానెల్ వాడి ముఖం మీదే తలుపు ధడేలున వేసింది.

“కూర్చో అమ్మా,” అంది శ్రీదివ్య.

“కూసోనీకి రాలే బిడ్డా. మేస్త్రీ ఫోన్ల జూపిచ్చిండు. నా కళ్యాణ్ తాగి డ్రమ్ములు కొట్టిండట. బస్తీ మొత్తం నవ్వుతున్నది. తాగి తాగి సచ్చిన తండ్రిని భుజాల మీద మోసినోడు వాడు. సారా వాసనొస్తే వాంతి జేసుకుంటడు. వాడు తాగుతడా?”

కీబోర్డు పక్కన నిలబడ్డ ఉదయ్ కుమార్ తల దించుకుని లాప్‌టాప్ మూత మూశాడు.

నిన్న సాయంత్రం నారాయణగూడ గ్రౌండ్‌లో ‘సాంచా’ షో జరిగింది. తెలుగులో రాక్ పాడి గ్రౌండ్లు నింపుతున్న బ్యాండ్ అది. అనుదీప్ పాట, గిటారు. ఉదయ్ కుమార్ కీబోర్డు. శ్రీదివ్య బేస్ గిటారు. కళ్యాణ్ డ్రమ్స్. పన్నెండేళ్లుగా ఆ నలుగురే. వాళ్లని ఇంటింటికీ తెలిపిన పాట ‘పొక్లెయిన్’. నిన్న ఆ పాట రెండో చరణంలో డ్రమ్స్ నెమ్మదించాయి. ఉదయ్ చేతులు కీబోర్డు మీద తప్పు చోట పడ్డాయి. కళ్యాణ్ తన చెవిలోని ఇయర్‌ఫోన్ పీకి పారేశాడు. అప్పటికే పాట ముక్కలైపోయింది. అనుదీప్ పాడటం ఆపి, వెనక్కి తిరిగి, మైకులోనే అన్నాడు: “జర మంచినీళ్లు తాగు తమ్మీ. అవి మాత్రమే తాగు.”

గ్రౌండంతా గొల్లుమంది. తెల్లారేసరికి ఆ వీడియో ఊరంతా తిరిగింది.

“నా కొడుకు ఏడి?” అంది కురుమమ్మ.

“అనుదీప్ తీస్కపోయిండు,” అంది శ్రీదివ్య. “చిక్కడపల్లి హాల్ల ప్రెస్‌మీట్ పెట్టిండు. కళ్యాణ్ అందరి ముందర తప్పయిందని చెప్పాలె. మందు మానే ట్రీట్‌మెంట్‌కి పంపుతున్నమని అనుదీప్ చెప్తడు. వచ్చే టూర్‌కి డ్రమ్ములకు బదులు మెషిన్ పెడతడట.”

“తాగనోడు తాగిన అని చెప్పాల్నా?”

శ్రీదివ్య జరిగింది ఆమెకి చెప్పింది. పొద్దున ఇదే గదిలో కళ్యాణ్ గొంతు చించుకున్నాడు. “నా చెవుల టిక్కే మెల్లగైంది అక్కా! దాని ఎంబడి పోవుడే కదా మన రూలు! పోయిన!” అని కర్రలు గోడకేసి కొట్టాడు. ఉదయ్ అందరి ముందూ లాప్‌టాప్ తెరిచి ఆ టిక్కు వినిపించాడు. ఎక్కడా తేడా లేదు. అనుదీప్ జాలిగా కళ్యాణ్ భుజం మీద చెయ్యి వేసి, “మెషిన్ అబద్ధమాడదు తమ్మీ,” అన్నాడు. ఆ తర్వాత కళ్యాణ్ నోరు విప్పలేదు.

“ఏం టిక్కు?” కురుమమ్మ నిలదీసింది.

“షోల కళ్యాణ్ చెవుల గడియారం లెక్క టిక్ టిక్ అంటది అమ్మా. స్టేజీ మీద లైట్లు, తెర మీద బొమ్మలు అన్నీ దాని ప్రకారమే తిరుగుతయి. అది వాడొక్కనికే వినపడతది. వాడు దాని ఎంబడి పోతడు, మేం ముగ్గురం వాడి ఎంబడి పోతం.”

“అది ఏడికెళ్లి వస్తది?”

శ్రీదివ్య లాప్‌టాప్ చూపించింది. కురుమమ్మ చూపు లాప్‌టాప్ మీది నుంచి ఉదయ్ మీదికి మళ్లింది.

“నన్ను చూడకమ్మా!” ఉదయ్ రెండడుగులు వెనక్కి వేశాడు. “నాకేం తెల్వదు!”

“తెల్వనోడివి వణుకుతవెందుకు?”

“నువ్వట్ల చూస్తే ఎవడైనా వణుకుతడు!”

శ్రీదివ్య అప్పటికే స్కూటీ తాళాలు తీసుకుంది. కళ్యాణ్ చెవిలో వినపడింది ఎక్కడా రికార్డు కాదు. కానీ మిగతావన్నీ అయ్యాయి. సౌండ్ మనిషి ఎల్లేశం ప్రతి షోనీ ఏ వాయిద్యానికి ఆ వాయిద్యం విడివిడిగా రికార్డు చేసి పెట్టుకుంటాడు.

“ఏడికి?” అంది కురుమమ్మ.

“నారాయణగూడకి.”

“నేనొస్త.”

అశోక్‌నగర్ సందులో కోచింగ్ పిల్లలు పుస్తకాలు గుండెకి అదుముకుని పక్కకి తప్పుకున్నారు. ఒకడు వెనకాల నుంచి “తాగుబోతు బ్యాండ్!” అని కూత వేశాడు. కురుమమ్మ నడుస్తున్న బండి మీద నుంచే చెప్పు తీసింది.

“పడిపోతం అమ్మా!”

“నువ్వు నడుపు. నా చెయ్యి నేను చూస్కుంట.”

మెట్రో పిల్లర్ల కింద ట్రాఫిక్‌లో దూరి, నారాయణగూడ చౌరస్తా వెనక సందులో ఉన్న ఎల్లేశం షాపు ముందు స్కూటీ ఆగింది. అతను స్పీకర్లు ఆటోలోకి ఎక్కిస్తున్నాడు.

“ఇవి చిక్కడపల్లి హాల్‌కే అక్కా. ప్రెస్‌మీట్‌కి సౌండ్ నాదే.”

“ఆగు. నిన్నటి షో పెట్టు. ‘పొక్లెయిన్’. డ్రమ్స్ ఒక్కటే వినిపించు.”

ఎల్లేశం ఆమె ముఖం చూసి లోపలికి నడిచాడు.

స్పీకర్లో కళ్యాణ్ ఒక్కడే మోగాడు. శ్రీదివ్య కళ్లు మూసుకుంది. ఈ చేతుల పక్కన నిలబడి పన్నెండేళ్లు వాయించింది. అయినా మిగతావేవీ లేకుండా ఇంత స్పష్టంగా ఎప్పుడూ వినలేదు. ముషీరాబాద్ బోనాల తీన్మార్ విని పెరిగిన చెయ్యి అది. మూడో దెబ్బ రవ్వంత ఆలస్యంగా పడుతుంది. ఆ రవ్వంతలోనే పాట నడుము ఊపుతుంది. పెద్ద దెబ్బల మధ్య డ్రమ్ము చర్మాన్ని కేవలం తాకి వదిలే చిన్న దెబ్బలు కొన్ని ఉంటాయి. గ్రౌండ్‌లో ఎవరికీ వినపడవు, కానీ అవి లేకపోతే పాట కట్టెలా బిగుసుకుపోతుంది.

రెండో చరణం వచ్చింది. దరువు నెమ్మదించింది. తూలలేదు. తడబడలేదు. మెట్లు దిగినట్టు, సమానంగా, కొంచెం కొంచెంగా దిగింది. ఆ దిగడంలో కూడా చిన్న దెబ్బలు ఒక్కటీ తప్పలేదు. మూడో దెబ్బ అదే రవ్వంత ఆలస్యంతో పడింది.

“తాగినోనికి ముందు పోయేటివే ఆ చిన్న దెబ్బలు,” శ్రీదివ్య పిడికిలి బిగించింది. “ఇక్కడ అన్నీ ఉన్నయి. వాడు చెప్పింది నిజం. వాడి చెవుల టిక్కునే ఎవడో మెల్లగ చేసిండు. షో అయినంక మళ్ల పాతది పెట్టిండు. ఛీ! పొద్దున ఆ లాప్‌టాప్‌ని నమ్మినం, వాణ్ని నమ్మలే.”

“అయితే గా ఉదయ్ గాడే!” కురుమమ్మ లేచింది. “మిషిన్ వాని పక్కనే ఉంటది!”

“జర ఆగు అమ్మా. ఎల్లేశం, కీబోర్డు పెట్టు.”

ఉదయ్‌ది ఎప్పుడూ తొందర చెయ్యి. దరువు కంటే వెంట్రుకవాసి ముందు దూకుతాడు. ఆ దూకుడే సాంచా పాటలకి వేడి. రెండో చరణంలో కూడా అలాగే దూకి, అవతల దరువు దొరక్క, రెండు చేతులతో తప్పు మీటల మీద పడ్డాడు. అతని మైకులో ఒక పచ్చి బూతు కూడా రికార్డయింది.

కురుమమ్మ ముఖం చిట్లించింది. “థూ. గిదా మీ సంగీతం?”

“గిది తెలిసి చేసినోని నోట్లకెళ్లి వచ్చే తిట్టు కాదమ్మా. పాపం, వాడు నిజంగనే గోతిల పడ్డడు.”

శ్రీదివ్య తన బేస్ కూడా విన్నది. గుడ్డిగా కళ్యాణ్ వెంటే దిగింది. ఇక మిగిలింది ఒక్కటే. అనుదీప్ పాట మైకు. అతని అడుగులు, ఊపిరి, చొక్కా గుండీల చప్పుడు కూడా పట్టే మైకు.

అది వింటుంటే ఆమె వెన్ను నిటారుగా అయింది.

“మళ్ల పెట్టు.”

ఎల్లేశం మళ్లీ పెట్టాడు. అతని నోరు తెరుచుకుంది.

“అక్కా... గీ చప్పుడు ఏంది?”

“నడువు. హాల్‌కి పోదాం. షో రికార్డున్న గా డిస్కు తీస్కో.”

చిక్కడపల్లి హాలు కిక్కిరిసి ఉంది. కెమెరాల వెనక, పక్కనున్న లైబ్రరీ నుంచి వచ్చిన పిల్లలు గోడలకి ఆనుకుని నిలబడ్డారు. వేదిక మీద అనుదీప్ తెల్ల చొక్కాలో మెరుస్తున్నాడు. అతని చెయ్యి కళ్యాణ్ భుజం మీద ఉంది. కళ్యాణ్ నేల వైపు చూస్తున్నాడు. విడిగా తన బండి మీద వచ్చిన ఉదయ్ ఒక మూల నిలబడ్డాడు.

“వీడు నా సొంత తమ్ముడు లెక్క,” అంటున్నాడు అనుదీప్. “తప్పు చేసిండు. మనిషన్నంక చేస్తడు. వాడే చెప్తడు. చెప్పు తమ్మీ.”

కళ్యాణ్ మైకు అందుకున్నాడు. అతని దవడలు బిగుసుకున్నాయి.

“చెప్పకు!” శ్రీదివ్య కెమెరాలని తోసుకుంటూ వేదిక ఎక్కింది. “కళ్యాణ్, ఒక్క మాట కూడా చెప్పకు.”

అనుదీప్ నవ్వు చెదరలేదు. “శ్రీదివ్యా, ఇంట్ల మాట ఇంట్ల మాట్లాడుకుందాం.”

“మంచినీళ్లు తాగుమని గ్రౌండ్‌ల మైకుల చెప్పినప్పుడు ఇల్లు గుర్తుకురాలేదా నీకు? ఎల్లేశం, పెట్టు!”

హాలు స్పీకర్లలో డ్రమ్స్ ఒక్కటే మోగింది. ముందు వరుసలో ఎవడో వెకిలిగా నవ్వాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. పాట లేదు, గిటారు లేదు. ఆ రెండు చేతులే హాలంతా నడిపించాయి. గోడ దగ్గరి పిల్లల్లో ఒకడి కాలు తనకి తెలియకుండానే కదిలింది. రెండో చరణంలో దరువు నెమ్మదించినప్పుడు కూడా ఆ కాలు తప్పకుండా దాని వెంటే దిగింది.

“విన్నరా?” శ్రీదివ్య ముందు వరుస వైపు వేలు చూపింది. “తాగిన చేతులు గిట్ల వాయిస్తయా? మీల ఒక్కడన్న తాగకుండ గిట్ల వాయించి చూపియ్యుండ్రి! వాడి చెవుల టిక్కుని ఎవడో మెల్లగ చేసిండు. ఉదయ్ కాదు. ఉదయ్, ఏమనుకోకు, నీది పెడుతున్న.”

కీబోర్డు తడబాటు, దాని వెనకాలే బూతు. హాలు నవ్వింది. ఉదయ్ చెవులు ఎర్రబడ్డాయి.

“మాకు ముగ్గురికి గడియారం కళ్యాణే. అది జారుతున్నదని మాకెవ్వరికి ముందు తెల్వదు. తెలిసినోడు మాత్రం తనకోసం వేరే గడియారం పెట్టుకుంటడు. ఎల్లేశం, పాట మైకు.”

అనుదీప్ గొంతు హాలంతా నిండింది. దాని కింద ఇంకో చప్పుడు. టక్. టక్. టక్. చెక్క వేదిక మీద బూటు మడమ. డ్రమ్స్ ఇంకా జారక ముందే, చరణం మొదట్లోనే మొదలైంది. డ్రమ్స్ జారుతున్నా అది జారలేదు. పాత వేగాన్నే పట్టుకుని ఉంది.

అనుదీప్ చెయ్యి కళ్యాణ్ భుజం మీది నుంచి జారింది. “కాలుతోని తాళం ఏస్తే కూడా నేరమేనా? ఏం మాట్లాడుతున్నవ్ నువ్వు?”

“నువ్వెప్పుడన్న ఏసినవా?” శ్రీదివ్య అతని ముఖంలోకి చూసింది. “అనుదీప్ గిటారుల గొప్పతనం ఏందని నన్ను ఎందరో అడిగిండ్రు. ఒక్కటే చెప్పిన. వాడు కళ్యాణ్ దెబ్బ వినేదాక తీగ ముట్టడు. ఆ చిన్న ఆగుడుల ఒక ఊపిరి ఉంటది. దేశంల ఇంకెవ్వనికి రాదది. పన్నెండేళ్లల ఒక్కనాడు నీ కాలు లేవలే. నిన్న, ఆ ఒక్క చరణంల ఎందుకు లేచింది?”

అనుదీప్ పెదవి తడుపుకున్నాడు. కెమెరాలన్నీ ఒక్కసారిగా అతని మీదికి తిరిగాయి.

“షోకి ముందు...” మూల నుంచి ఉదయ్ ముందుకి వచ్చాడు. మాట నెమ్మదిగా, తనకి తానే చెప్పుకుంటున్నట్టుగా వచ్చింది. “షోకి ముందు లాప్‌టాప్ అడిగినవ్. పాట మాటలు చూస్కుంట అన్నవ్. షో అయినంక మళ్ల అడిగినవ్. పాట అయిపోయినంక మాటలు ఎందుకన్నా నీకు?”

శ్రీదివ్యకి పోయిన నెల షో కళ్ల ముందు కదిలింది. ‘పొక్లెయిన్’ మొదట్లో కళ్యాణ్ ఒక్కడే వాయిస్తుంటే వేల ఫోన్ల లైట్లు వెలిగాయి. “కళ్యాణన్నా!” అని గ్రౌండ్ హోరెత్తింది. అనుదీప్ పాట అందుకోగానే లైట్లు ఒక్కొక్కటే దిగిపోయాయి. స్టేజీ దిగుతూ అతను పళ్లు నూరాడు. “మనది బ్యాండా, పెళ్లి బరాతా? డప్పుగాడి కోసం వస్తున్నరా వీళ్లు?” అప్పుడు ఆమె దాన్ని అలసటనుకుంది.

కళ్యాణ్ తల ఎత్తాడు. పొద్దున ఆ గది దాటాక అతని నోట వచ్చిన మొదటి మాట ఇది.

“నా దెబ్బ కోసం ఆగెటోనివి కదన్నా. నిన్న ఎందుకాగలే?”

అనుదీప్ వేదిక మెట్ల వైపు జరిగాడు. కెమెరాలు అతని వెంటే కదిలాయి.

జనం మధ్యలోంచి కురుమమ్మ వేదిక ముందుకి వచ్చి నిలబడింది. సిమెంటు ఎండిన చెయ్యి ఎత్తి శ్రీదివ్యని వేలితో చూపించింది.

“గీ కాళ్ల చప్పుడు, గీ టిక్కులు నాకు సమజ్ కాలే బిడ్డా. నేను పొద్దున సంది ఒక్కటే అడుగుతున్న. నా కొడుకును తాగుబోతును జేసినోడు ఎవడు? పేరు చెప్పు. గింతమంది ముందర, గీ డబ్బాలన్నిట్ల వినపడేటట్టు చెప్పు.”

శ్రీదివ్య కళ్యాణ్ చేతిలోంచి మైకు తీసుకుంది.

“అనుదీప్.”