సముద్రం అద్దంలా ఉంది, దోన్యా

గ్రిసెల్దా చెడ్డ మనిషేం కాదు. ఊళ్ళో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా కోడి చారు కాచి, గిన్నె మీద మూత పెట్టి పట్టుకెళ్ళే మనిషి. కాని రోషం ఉంది చూశారూ, అది ఆమె కంటే ఒక మెట్టు పైనే కూర్చుంటుంది. ఈ తంటా అంతా ఆ రోషం తెచ్చిందే.

మహావాల్ అనే ఊళ్ళో, సముద్రం ఒడ్డునే, ఆమెకి అద్దెకిచ్చే ఆకుల కప్పు గదులు నాలుగున్నాయి. మొగుడు నసారియోకి పడవుంది. వచ్చినవాళ్ళని పగడాల దిబ్బ దాకా తీసుకెళ్ళి, కళ్ళకి అద్దాలు, నోటికి గొట్టం తగిలించి నీళ్ళ మీద తేలిస్తాడు. గుండె ధైర్యం ఉన్నవాళ్ళకి వీపున గాలి సిలిండర్ కట్టి కిందికి దింపుతాడు. మనుషులతో మాట్లాడటం, తేదీలు కుదర్చడం, గదులు సర్దడం మాత్రం గ్రిసెల్దా పని.

ఆ ఏడు ఈస్టర్ పండగ వెళ్ళగానే ఫ్రెస్నియో నుంచి దోన్యా ఒతీలియా అనే ముసలావిడ ఫోన్ చేసింది. దోన్యా అంటే అక్కడ పెద్దావిడల్ని పిలిచే మర్యాద మాట. ఫ్రెస్నియో వెండి గనుల ఊరు. అక్కడ పుట్టినవాళ్ళు చాలామంది సముద్రం చూడకుండానే పోతారు.

"తల్లీ, నాకు డెబ్బై దాటాయి. మా ఆయన బతికినన్నాళ్ళూ భూమి కింద ఏముందో చూశాడు. నేను పోయేలోగా నీళ్ళ కింద ఏముందో చూడాలి. జులై సెలవుల్లో మా మనవరాలు రెనాతాని వెంటబెట్టుకుని వస్తా. చేపలు కనపడతాయా?"

"కనపడకేం దోన్యా! మీ ముక్కు మీదికే వస్తాయి."

ఆ రోజుకి అది నిజమే.

ఇక ఆవిడ ప్రయాణం ఏర్పాట్లు మొదలయ్యాయి. రోజూ ఫోన్లో గొంతు రికార్డు చేసి పంపేది. మంచం ఎత్తు ఎంత, పడవ ఎక్కడానికి మెట్లున్నాయా, పచ్చి మిరపకాయ మీరు ఘాటుగా తింటారా, ఒకటా రెండా! చివర్న మాత్రం ఎప్పుడూ ఒకటే ప్రశ్న: "ఇవాళ సముద్రం ఎలా ఉంది తల్లీ?"

ఒకసారి ఇలా వచ్చింది: "పెరట్లో నీళ్ళ తొట్టిలో ముఖం పెట్టి గొట్టంతో ఊపిరి పీల్చడం నేర్చుకుంటున్నా. పక్కింటి కార్మెలా గోడ మీంచి తొంగిచూసి, 'ఏమే, ఈ వయసులో కప్పవైపోతావా' అంది. 'కప్ప సుఖం నీకేం తెలుసే' అన్నా." గ్రిసెల్దా పొట్ట పట్టుకుని నవ్వి, నసారియోని పిలిచి మరీ వినిపించింది. కడుపున పుట్టకపోయినా కొందరలా దగ్గరైపోతారు.

మే నెలాఖర్లో గాలి మళ్ళింది, సర్గాసో వచ్చిపడింది. నడిసముద్రంలో పుట్టే గోధుమరంగు నాచు అది. వస్తే చాపలు చాపలుగా వస్తుంది. ఒడ్డున మోకాలెత్తు పేరుకుని కుళ్ళి, మురిగిన కోడిగుడ్ల కంపు కొడుతుంది. పగడాల దిబ్బ మీద నీళ్ళు డికాషన్‌లా అయిపోయాయి. మొగుడూ పెళ్ళాలిద్దరూ పొద్దున్నే పారలు పట్టుకుని ఎత్తిపోసేవాళ్ళు. ఎత్తినంతా మర్నాటికి మళ్ళీ వచ్చేది.

"ఆ పెద్దావిడకి చెప్పెయ్యవే" అన్నాడు నసారియో, చెమట తుడుచుకుంటూ. "ఇక్కడికొద్దు, కోసుమెల్ వెళ్ళమను. ఆ దీవికి పడమటివైపు నాచు రాదు. మా మరిక్రూస్ ఉందిగా, అన్నీ అదే చూసుకుంటుంది."

అంతే, గ్రిసెల్దా పార విసిరికొట్టింది. "మీ చెల్లెలా! కిందటి పండక్కి నా వంటింట్లో కూర్చుని నా చేతి తిండి తింటూ ఏమంది? 'మీ మహావాల్ పని అయిపోయింది వదినా, నా దగ్గరికొచ్చి గదులూడ్చుకో' అందా లేదా? ఆ మహాతల్లికి నా మనుషుల్ని నా చేతుల్తో అప్పజెప్పనా?"

"ముసలావిడ ఏం చేసింది మధ్యలో?"

"జులైకి గాలి మళ్ళుతుందిలే. నువ్వు నోర్మూసుకో."

ఆ సాయంత్రమే, "సముద్రం ఎలా ఉంది తల్లీ?" అని వచ్చింది. గ్రిసెల్దా కిందటి ఏడాది ఫోటో ఒకటి వెతికి పంపి, "అద్దంలా ఉంది దోన్యా" అంది. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది అతికింది. అదే వచ్చిన చిక్కు. మర్నాడు నిజం చెబుదామంటే నిన్నటి మాట అడ్డం, ఆ మర్నాడు చెబుదామంటే రెండు రోజుల మాటలు అడ్డం. తర్వాత్తర్వాత ఆరేసిన దుప్పట్ల వెనక్కి వెళ్ళి, మొగుడికి వినపడకుండా, తేలు కుట్టిన దొంగలా జవాబులు పంపేది. నసారియో చూసి, పార భుజానేసుకుని పోయేవాడు. తిట్టినా బాగుండేది.

గాలి మాత్రం మళ్ళలేదు.

జులైలో వాళ్ళు దిగారు. దోన్యా ఒతీలియా పిట్టంత మనిషి, గనుల ఊరి వెండి కమ్మలు పెట్టుకుని, మెళ్ళో అప్పుడే తగిలించుకున్న గొట్టంతో. దిగీ దిగ్గానే గ్రిసెల్దాని వాటేసుకుని, రెండు బుగ్గలూ పట్టుకుని, "నా తల్లే! గొంతు విన్నప్పుడే అనుకున్నా, ఇలాగే ఉంటావని" అంది.

రెనాతా ముక్కు మూసుకుంది. "ఇదేంటండీ? ఫోటోల్లో ఇలా లేదే!"

"నిన్ననే వచ్చిందమ్మా" అంది గ్రిసెల్దా, నేల చూస్తూ. మోకాలెత్తు కుళ్ళిన గుట్ట పక్కన నిలబడి ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో ఆమెకే తెలియదు.

"నోర్ముయ్యవే" అని ముసలావిడ మనవరాలిని కసిరింది. "సముద్రం ఎలా ఉండాలో నువ్వేమైనా చూసొచ్చావా? వాళ్ళింటి ముందు నిలబడి వాళ్ళ సముద్రానికి వంకలు పెడతావా? ఈ పిల్ల రోజూ ఎంత ఓపిగ్గా చెప్పింది నాకు!"

గ్రిసెల్దా సామాను పట్టుకుని లోపలికి పారిపోయింది.

మర్నాడు నసారియో నాచు పలచగా ఉన్నచోట వెతికి వెతికి పడవ ఆపాడు. గ్రిసెల్దా కూడా ఉంది. ముసలావిడ చెయ్యి వదిలితేగా! ఇద్దరూ ఆవిణ్ణి మెల్లగా నీళ్ళలోకి దింపారు. తొట్టిలో నేర్చుకున్నట్టే ముఖం ముంచి, గొట్టంతో చక్కగా ఊపిరి తీసింది. చాలాసేపు తల ఎత్తలేదు. అటు తిరిగింది, ఇటు తిరిగింది. ఎత్తి, అద్దాలు కడుక్కుని, మళ్ళీ ముంచింది. నసారియో పెళ్ళాం వైపు చూశాడు. ఆమె పడవ అంచు పట్టుకుని గోళ్ళు చూసుకుంటోంది.

పైకి తీసుకొచ్చాక ఆవిడ తువ్వాలు కొసతో కళ్ళొత్తుకుని చిన్నగా నవ్వింది. "నాకేం కనపడలేదు తల్లీ. అంతా మట్టిరంగే. కళ్ళలో శుక్లాలున్నాయిగా, డాక్టరు ముందే చెప్పాడు. ఆలస్యం చేశాను. పాడు కళ్ళు! మీరు మాత్రం ఇంత కష్టపడ్డారు."

అప్పుడైనా చెప్పాలా వద్దా? గ్రిసెల్దా పెదవి కదిపింది. "కొంచెం మంచినీళ్ళు తాగండి దోన్యా" అన్న మాట వచ్చింది బయటికి. ఛీ, తన గొంతు తనకే రోతపుట్టింది.

ఒడ్డుకి వచ్చి అరుగు మీద కూర్చున్నారో లేదో, ఫ్రెస్నియో నుంచి ఆవిడ చెల్లెలు చోలె ఫోన్. గట్టిగా మాట్లాడే మనిషి, పక్కనున్నవాళ్ళకీ వినపడుతోంది. "ఏమే అక్కా, చూశావా? మన జపమాల జట్టు ఆడాళ్ళంతా ఇక్కడే ఉన్నారు. ఆగస్టులో మేమూ వస్తాం. ఇప్పుడే టిక్కెట్లు తీసేస్తున్నాం. చెప్పు, ఎలా ఉంది?"

"నన్నడిగితే ఏం లాభమే, నాకు కళ్ళు ఆనలేదు. ఇదిగో, గ్రిసెల్దాని అడుగు. రోజూ చూసే పిల్ల. తన మాట నా మాటే అనుకో." ఫోన్ తెచ్చి గ్రిసెల్దా చేతిలో పెట్టింది.

గ్రిసెల్దా ఫోన్ చెవిన పెట్టుకుంది. "అద్దంలా ఉంది దోన్యా" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది, రోజూ వాడిన మాటే కదా. ఎదురుగా ముసలావిడ దూరంగా ఉన్న పడవకేసి చూసి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ చూసి, మళ్ళీ తుడుచుకుంటోంది.

"టిక్కెట్లు తీయకండి" అంది గ్రిసెల్దా. "ఇక్కడికి రావద్దు దోన్యా. సముద్రం బాగాలేదు. మే నెల నుంచీ బాగాలేదు. మీ అక్క కళ్ళకేం కాలేదు, నీళ్ళలోనే ఏమీ లేదు. నాకు తెలుసు. తెలిసే రోజూ అబద్ధం చెప్పాను. కోసుమెల్ వెళ్ళండి, అక్కడ బాగుంటుంది. నేను అబద్ధాలు చెబుతున్నప్పుడూ అక్కడ బాగానే ఉంది."

ఫోన్లో అందరూ ఒక్కసారే మాట్లాడారు. రెనాతా లేచి నిలబడింది. దోన్యా ఒతీలియా తువ్వాలు ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ ముఖంలో కోపమనేది లేదు. వెతికింది గ్రిసెల్దా, ఉంటే పట్టుకుందామని. లేదు.

"మరి నన్నెందుకు రమ్మన్నావు తల్లీ?"

నిజంగానే తెలుసుకుందామని అడిగింది. గ్రిసెల్దా దగ్గర జవాబుంది. ఆడబిడ్డ మీద పంతం. అంత చిన్న జవాబుని ఆ మనిషి ముందు ఎలా పెట్టాలో తెలియక, ఫోన్ తీసుకెళ్ళి ఆవిడ ఒళ్ళోని తువ్వాలు మీద పెట్టింది.