చప్పుడు లేని లైబ్రరీ పీరియడ్

సోమలింగం ఇంట్లో గుసగుసలాడే అలవాటు ఎవరికీ లేదు. ఆయన ఇరవై రెండేళ్ళుగా సూరత్‌లో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేస్తున్న మనిషి. సాంచాలు నడుస్తుంటే పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు. అందుకే కార్ఖానా మనుషులకి రెండే రకాల మాటలు. బయట, వీధి చివరిదాకా వినపడే మాట. లోపల, గొంతు లేకుండా పెదవులతో మొదలుపెట్టి చేతులతో ముగించే మాట. దారం తెగిందన్నా, చాయ్ వచ్చిందన్నా, సేటు వస్తున్నాడన్నా అంతా పెదవుల మీదే. భార్య స్వరాజ్యం కూడా పెళ్ళయిన కొత్తల్లో అక్కడ కండెలు చుట్టింది గనక ఇంట్లో దెబ్బలాటలూ ఈ రెండు పద్ధతుల్లోనే నడిచేవి. చుట్టాలొచ్చినప్పుడు రెండోది. వాళ్ళకి నవ్వుతూ చాయ్ అందిస్తూనే, చప్పుడు లేకుండా ఆయన్ని కడిగిపారేసిన రోజులున్నాయి.

వాళ్ళ ఒక్కగానొక్క కూతురు హారతికి ఈ రెండు విద్యలూ ఉగ్గుపాలతోనే వంటబట్టాయి. చిక్కల్లా బడిలో వచ్చింది.

పేదపిల్లలకి సర్కారు తీసే లాటరీలో సీటొచ్చి ఆ పిల్ల పెద్ద ప్రైవేటు బడిలో ఆరో తరగతి చదువుతోంది. అక్కడ ఐదు నుంచి ఏడు దాకా చదివే పిల్లలకి విడిగా ఒక మేడ, విడిగా ఒక లైబ్రరీ. ఏటా ఆరో తరగతి నుంచి లైబ్రరీ మానిటర్ని ఎంచుతారు. మానిటర్‌కి బ్యాడ్జీ ఇస్తారు గానీ హారతి కన్ను బ్యాడ్జీ మీద లేదు. కొత్త పుస్తకాల పెట్టె విప్పగానే అందరికంటే ముందు ఒకటి ఇంటికి తీసుకుపోయే హక్కు మానిటర్‌ది. ఆ పెట్టె ఈ నెలే రాబోతోంది. రెండు వారాలుగా ఆ పిల్లది అన్నం తింటూ కూడా దాని మాటే.

హారతి వెళ్ళి అడిగితే, "నువ్వా?" అంది లైబ్రరీ చూసే టీచరు భాగీరథి బెన్. "నువ్వు గేటు దగ్గర గుడ్ మార్నింగ్ చెబితే నేనిక్కడ కూర్చుని జవాబు చెప్పొచ్చు తల్లీ."

అయినా ఆవిడ న్యాయం గల మనిషి. సోమవారం నుంచి గురువారం దాకా లైబ్రరీ పీరియడ్లో నలభై మందినీ చప్పుడు లేకుండా కూర్చోబెట్టాలంది. కూర్చోబెడితే శుక్రవారం ఇంటి పెద్ద ఒకరి ముందు బ్యాడ్జీ. లేకపోతే వేరేవాళ్ళకి.

గురువారం సాయంత్రం హారతి ఇంటికొచ్చి, పక్క బిల్డింగు వాళ్ళకి కూడా తెలిసేలా చెప్పింది. "బాపూ, నాలుగు దినాలు ఒక్క చప్పుడు లేదు. రేపు నువ్వు రావాలె."

"గిట్ల ఒర్రెదాన్ని లైబ్రరీల ఎట్ల పెట్టుకుంటరే?" అంది స్వరాజ్యం, సరిగ్గా అదే గొంతుతో.

మర్నాడు సోమలింగం పెళ్ళిళ్ళకి దాచుకున్న చొక్కా తొడుక్కుని వెళ్ళాడు. భాగీరథి బెన్ ఆయన్ని లైబ్రరీ అద్దాల తలుపు దగ్గర ఆపింది.

"ఇక్కడినుంచే చూడండి సోమలింగ్‌భాయ్," అంది హిందీలో, గొంతు బాగా తగ్గించి. "ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఇంత బుద్ధిగల క్లాసుని చూడలేదు."

సోమలింగం చూశాడు. నలభై తలలు, నలభై పుస్తకాలు, ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు. కాసేపటికి ఆయన చూపు అలవాటుగా పెదవుల మీదికి పోయింది.

కిటికీ పక్క ఓంకార్ అనే పిల్లాడు నిన్నటి మ్యాచ్‌ని బంతి బంతికీ చెబుతున్నాడు. మౌక్తిక అనే పిల్ల, తన టిఫిన్ డబ్బాలో ఖమణ్ ఉందనీ, ఎవరికి పెట్టేదీ ఎవరికి పెట్టనిదీ తేల్చేస్తోంది. లైబ్రరీ అంతా షిఫ్టు మధ్యలో ఉన్న కార్ఖానాలా ఉంది. నడుమ బల్ల దగ్గర హారతి. రెండు చేతులా కళ్ళ చుట్టూ సున్నాలు చుట్టి పెదవులతో అంటోంది: "బెన్ కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని నిన్న అరగంట వెతికింది. నేను చెప్పలేదు." చుట్టూ చప్పుడు లేని నవ్వుకి భుజాలు కదిలాయి.

సోమలింగం పక్కకి తిరిగి చూశాడు. కళ్ళజోడు ఇవాళా నెత్తి మీదే ఉంది. నవ్వేశాడు. అది ఆయన మొదటి రకం నవ్వు, వీధి చివరిదాకా వెళ్ళేది. లోపల నలభై తలలూ లేచాయి.

"ఏమైంది?" అంది బెన్.

ఆయనకి బ్యాడ్జీ గుర్తొచ్చింది, దాని వెనకాల పుస్తకం గుర్తొచ్చింది. కానీ తెగిన దారం కళ్ళబడ్డాక సాంచా ఆపకుండా పోవడం ఆయనకి చేతకాదు.

"పిల్లలు మాట్లాడుకుంటున్నారు బెన్."

"నాకేం వినపడటం లేదే."

"వినపడదు. అది మా కార్ఖానా మాట. మా పిల్లే నేర్పినట్టుంది."

"ఏమంటున్నారు?"

"మ్యాచ్ గురించి. ఖమణ్ గురించి."

"ఖమణ్‌కి అంత నవ్వొచ్చిందా మీకు?"

సోమలింగం నేల చూశాడు. "మీ కళ్ళజోడు నెత్తి మీదుంది బెన్."

ఆవిడ తడుముకుని, దించుకుని, పెట్టుకుంది. అద్దం అవతల హారతి పెదవులు కదిలాయి. "చెప్పినవా బాపూ?"

"చెప్పిన," అన్నాయి ఈయన పెదవులు.

హారతి మొహం కరెంటు పోయిన సాంచాలా ఆగిపోయింది.

భాగీరథి బెన్ లోపలికెళ్ళి ఆ పిల్ల ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "నేను పెట్టిన షరతేమిటి?"

"చప్పుడు ఉండకూడదని," అంది హారతి. పుట్టాక మొదటిసారి దాని గొంతు బల్ల దాటి పోలేదు.

"ఉందా?"

"లేదు బెన్."

"అయితే నా మాట నేను తప్పను." ఆవిడ బ్యాడ్జీ తీసి హారతి చొక్కాకి గుచ్చింది. "ఒక్కటి మాత్రం. రోజూ పది నిమిషాలు ఈ మాట నాకూ నేర్పాలి. నా గురించి నలభై మంది చెప్పుకునేది నాకు తెలియొద్దూ?"

నలభై జతల పెదవులూ మూతబడ్డాయి.

వారం తిరిగేసరికి బెన్‌కి పెదవుల మీద మ్యాచ్, ఖమణ్, కళ్ళజోడు చదవడం వచ్చేసింది. రెండో వారం ఎవరూ పెదవి మెదపలేదు. చేసేదేం లేక పుస్తకాలు చదవసాగారు. తన చేతిలో ఇన్నాళ్ళూ ఉన్న పుస్తకంలో ఒక కథ ఉందని ఓంకార్‌కి అప్పుడే తెలిసింది.

పెట్టె వచ్చిన రోజు హారతి ఓ పులి పుస్తకం ఇంటికి తెచ్చింది. అమ్మానాన్నలకి తెలుగు చేసి చదివి వినిపించింది, మొదటి రకం గొంతుతోనే. అన్నానికి లేపారని సగంలో ఆపింది.

మర్నాడు పొద్దున కింది వాటా కొమురవ్వ మెట్ల దగ్గర నిలబడి పైకి చూసింది.

"జర చెప్పు బిడ్డా, ఆ పులి ఏమాయె? రాత్రంత నిద్ర పట్టలే నాకు."