ఒతీలియా కడిగిన పేగు

చించులీన్ కడగడంలో ఒతీలియాను మించినవాళ్ళు లేరని పైసాందు ఊళ్ళో పేరు. చించులీన్ అంటే ఆవు చిన్నపేగు. అది ఇంటికొచ్చిందంటే దాన్ని తిరగేసి, కత్తి వెనకవైపుతో గీకి, రాళ్ళుప్పూ నిమ్మరసమూ పట్టించి, నీళ్ళు తేటగా వచ్చేదాకా ఆవిడ వదిలిపెట్టదు. అంతలా కడిగితే నిప్పుల మీద కాల్చినప్పుడు రుచి ఉండదని ఊళ్ళో సగం మంది వాదిస్తారు. ఆవిడ లెక్కలో వాళ్ళంతా మురికి మొహాలు.

కూతురు గ్రిసెల్డా పశువుల రోగాలు పరీక్షించే లాబ్‌లో సీసాలు కడిగే పనికి చేరి, ఈమధ్యే రంగువేసే బల్ల దగ్గరికి ఎక్కింది. పేగు ముక్కను మైనంలో బిగించి, ఉల్లిపొరకన్నా పల్చగా కోసి, గాజుపలక మీద పరిచి, పైన యాంటీబాడీ చుక్క వేయాలి. అది పేగు లోపలి గోడకు అంటిపెట్టుకున్న ఎపిథీలియల్ కణాలను మాత్రమే వెతికి పట్టుకుంటుంది. పట్టుకున్నచోట గోధుమరంగు తేలుతుంది, మిగతాదంతా నీలం. పారుడు రోగంతో చనిపోయిన దూడల పేగుల్లో ఆ కణాలు ఎక్కడ మిగిలాయో, ఎక్కడ పోయాయో చూస్తే రోగం జాడ దొరుకుతుంది. ఆ పనంటే గ్రిసెల్డాకు ప్రాణం.

దూడల ముక్కలు వచ్చి కూర్చున్నాయి. ముందుగా యాంటీబాడీ పనిచేస్తోందో లేదో ఆరోగ్యమైన ఆవు పేగు మీద చూసుకోవాలి. లాబ్‌లో ఆ పేగు కాస్తా అయిపోయింది.

"అమ్మా, ఆదివారం చించులీన్ తెస్తావుగా, వేలెడు ముక్క కుళ్ళకుండా ఈ ఫార్మలిన్ సీసాలో వేసిపెట్టు. మా డాక్టరమ్మకి కావాలి."

"దేనికే, తింటుందా?"

"మైక్రోస్కోపులో చూస్తుంది."

ఆ ఒక్కమాటే కొంప ముంచింది.

ఆ ముక్కకు రంగు వేస్తే ఒక్క గోధుమ చుక్కయినా తేలలేదు. గ్రిసెల్డా గాజుపలకను అటూ ఇటూ జరిపి కళ్ళు కాయలు కాచేలా వెతికింది. అంతా నీలమే.

"రంగొచ్చిందా?" అని అడిగింది డాక్టర్ బెర్రుతి, తన బల్ల మీంచి తల ఎత్తకుండానే.

"రాలేదు డాక్టర్ గారూ."

"అయితే యాంటీబాడీ చచ్చినట్టే, లేదా నువ్వు ఎక్కడో తప్పు చేసినట్టు. రేపు దూడల ముక్కలు మోంతెవిదెయోలో పెద్ద లాబ్‌కి పంపించేద్దాం. నువ్వు కొన్నాళ్ళు మళ్ళీ సీసాలు చూసుకో."

గ్రిసెల్డాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఇల్లు చేరేదాకా ఎలాగో బిగబట్టుకుంది.

ఒతీలియా మాతే ఆకు వేసిన సొరబుర్రలో వేడినీళ్ళు పోసి చేతికిస్తూ, "ఏమైందే, మొహం వేలాడేశావ్?" అంది.

"రంగు రాలేదు. నన్ను మళ్ళీ సీసాల దగ్గరికి తోసేశారు."

"అయ్యో! రంగు సంగతి నాకేం తెలుసుగానీ, నా ముక్క చూసి మీ డాక్టరమ్మ ఏమంది?"

"ఏమనాలి?"

"ఏమనాలేంటే! మైక్రోస్కోపులో చూస్తుందంటివి. మన ఇంటి పరువు కాదూ? మామూలుగా గీకేదానికి రెండింతలు గీకాను. దాంట్లో ఇసుమంత మురికి చూపించమను చూద్దాం!"

గ్రిసెల్డా చేతిలో మాతే బుర్ర అలాగే ఆగిపోయింది. పొద్దుటి నుంచి ఆమె గోధుమరంగు కోసం వెతికిందే తప్ప, గోధుమరంగు ఎక్కవలసిన కణాల పొర అసలు ఉందా అని చూడనేలేదు. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ ఒకేసారి చేసింది.

"అమ్మా, నువ్వు గీకి పారేసింది మురికి కాదు. నేను వెతికేది దాన్నే!"

"అంటే నేను పంపిందేంటి?"

"ఖాళీ గొట్టం."

"శుభ్రమైన గొట్టం," అంది ఒతీలియా, ఏమాత్రం తగ్గకుండా.

మర్నాడు గ్రిసెల్డా ఆ గాజుపలకను తీసుకెళ్ళి, అందులో లోపలి పొరే లేదని డాక్టర్‌కు చూపించింది. జరిగింది విన్నాక డాక్టర్ బెర్రుతికి నవ్వాగలేదు. దూడల పెట్టెను పంపకుండా పక్కన పెట్టించింది. గ్రిసెల్డా కబేళాకు పరుగెత్తి, అప్పుడే కోసిన ఆవు పేగును అక్కడికక్కడే సీసాలో వేయించుకొచ్చింది. ఈసారి పేగు లోపలి అంచు పొడవునా గోధుమరంగు కుచ్చుల్లా తేలింది. దూడల ముక్కలన్నిటికీ గ్రిసెల్డాయే రంగు వేసింది. సీసాల ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఒతీలియాను పిలిపించి ఆ కుచ్చులను మైక్రోస్కోపులో చూపించారు. ఆవిడ ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది.

"ఇంత అందంగా ఉందేంటే! ఇన్నేళ్ళూ దీన్నా నేను తూములో పోసింది?"

"మీ ముక్క కూడా దాచుకున్నామండీ," అంది డాక్టర్. "రంగు రాకూడనిచోట రావట్లేదని తెలియడానికి మాకు అలాంటిదీ ఒకటి కావాలి. మీ అంత శుభ్రంగా మాకెవరికీ చేతకాదు."

ఒతీలియా ఆ మాటను వీధివీధినా చెప్పుకుంది.

ఆదివారం నిప్పులు రాజేశాక గ్రిసెల్డా వంటింట్లోకి వెళ్ళి చూస్తే, చించులీన్ సగం తళతళలాడుతోంది, సగం గీకకుండా వచ్చినట్టే ఉంది.

"ఇదేంటమ్మా, సగంలో ఆపేశావ్?"

ఒతీలియా తల తిప్పకుండా కత్తి కడుక్కుంటూ చెప్పింది.

"చెయ్యి రాలేదే. నీ కణాలున్నాయిగా అందులో."